దశకుమారచరిత్రమున సఖ్యమును బునఃప్రాప్తియు

సంస్కృతగద్యకావ్యములలో దండి దశకుమారచరితమువలె నిందకుఁ బాత్రమైనది మఱియొకటి లేదు. దొంగలు, జూదరులు, వేశ్యలు, కపటతాపసులు, పరకాంతల నపహరించు రాజపుత్రులు నిందుఁ గలరనియు, ధర్మబోధ మృగ్యమనియుఁ బెద్దలు చెప్పుచుందురు. అందుచేఁ బాఠశాలలకుఁ గథల నేఱునప్పుడు సంపాదకులు తఱచుగా గోమినీవృత్తాంతము నొక్కదానినే గైకొని, ప్రస్థమాత్రమగు ధాన్యముతో నతిథికి భోజనము పెట్టిన కన్యక నేర్పును బాలురకుఁ జూపి, తక్కిన గ్రంథమును గప్పిపెట్టుదురు. ఆ నేర్పు మెచ్చఁదగినదే. కాని యా యొక్క కథచే గ్రంథము నంతను గొలుచుట, వంటయింటిని మాత్రము చూచి యిల్లంతయుఁ జూచితిమనుటవంటిది.

నే నీ గ్రంథమును మొదట విద్యార్థిగాఁ బరీక్షకొఱకుఁ జదివితిని. పిమ్మట నుపాధ్యాయుఁడనై పాఠము చెప్పుటకుఁ జదివితిని. ఇప్పు డానందపురమున, ప్రక్కఁ గేతన తెలుఁగుకావ్యము నుంచుకొని, ఎవరికొఱకును గాక మూఁడవమాఱు చదివితిని. పరీక్షకుఁ జదివినప్పుడు సమాసములు కనఁబడినవి. పాఠము చెప్పినప్పుడు దాఁటవలసిన పంక్తులు కనఁబడినవి. ఈ మాఱు పదుగురు చెలికాండ్రు కనఁబడిరి. వారి ప్రణయములకంటె వారి సఖ్యమును, వారి విజయములకంటె నొకమాఱు చెడిన బ్రతుకు మఱల బాగుపడు రీతియు నా మనస్సునకు హత్తుకొనినవి. ఈ రెంటినిగూర్చియే యీ వ్యాసము.

ముందుగాఁ గేతనమాట. ఈ కవి పదుమూఁడవ శతాబ్దివాఁడు. ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును, విజ్ఞానేశ్వరమను ధర్మశాస్త్రగ్రంథమును రచించినవాఁడు. దండి గద్యమును బండ్రెండాశ్వాసముల కావ్యముగాఁ దెలిఁగించి ‘అభినవదండి’ యనిపించుకొనెను. ఆ కృతిని రాజున కీయలేదు, దేవున కీయలేదు, తిక్కన కిచ్చెను. తిక్కన వంశమును గూర్చి మన కీనాఁడు తెలిసినదానిలోఁ జాలభాగ మా యవతారికనుండియే లభించినది. తిక్కన మనుమసిద్ధికి మంత్రి కావున నిది యాశ్రయమును గోరి చేసిన పని యనువా రుందురు. కావచ్చును. ఐనను గవి కవికిఁ గృతి యిచ్చునపుడు పదుగురు మిత్రుల కథను దెచ్చియిచ్చుట యూరక జరిగినదని నేను దలఁపను.

కథ యందఱెఱిఁగినదే. మగధరాజగు రాజహంసుఁడు మాళవపతియగు మానసారునిచే నోడి వింధ్యాటవిఁ జేరును. అచ్చట రాజవాహనుఁడు జనించును. మంత్రికుమారులును, విధివశమున నచ్చటికిఁ జేరిన రాజకుమారులును గలసి పదుగు రగుదురు. దిగ్విజయమునకు బయలుదేఱినపిదప రాజవాహనుఁడు మాతంగుఁడను వాని కార్యమునకై యర్ధరాత్రమున, నిద్రించుచున్న తొమ్మండ్రను విడిచి, యొక్కమాటయైనఁ జెప్పక పాతాళమున కేఁగును. తెల్లవాఱిన పిమ్మటఁ జెలికాండ్రు నాయకుని గానక తలకొక దిక్కునఁ బోదురు. గ్రంథమునఁగల సమస్తసాహసములకును మూల మీ యొక్క రాత్రి. ఇది శత్రువు చేసిన ద్రోహము కాదు, మిత్రుఁడు చెప్పకపోవుట. తొమ్మండ్రును దేశదేశములఁ దిరిగినది రాజ్యములకొఱకుఁ గాదు, చెప్పకపోయిన మిత్రునికొఱకు. రాజ్యములును, రాజకన్యలును ద్రోవలో దొరకినవి.

రాజవాహనుఁ డెవనివెంటఁ బోయెనో యా మాతంగుని కథ చూడుఁడు. పుట్టుకచే బ్రాహ్మణుఁడు, కిరాతులతోఁ గలసి దోఁచుకొని బ్రతికినవాఁడు. ఒకనాఁడు తన తోడివారు చంపఁబోవుచున్న బ్రాహ్మణుని జూచి దయపుట్టి యడ్డుపడి, వారిచేతనే మడియును. యమునియెదుట, వీనికిఁ గాలము తీఱలేదని తేలును. చిత్రగుప్తుఁడు నరకయాతనలను జూపి మఱలఁ బంపును. మాతంగుఁడు తన శరీరముననే లేచి వేఱొక బ్రతుకు బ్రతుకును. గ్రంథద్వారముననే యిట్టివానిని నిలిపినపుడు లోపలనున్న కథలజాతి యెట్టిదో చదువరికిఁ జెప్పకయే చెప్పినట్లయినది.

ఇచ్చట నొక యాక్షేపము రాఁగలదు. మాతంగుని కథ పూర్వపీఠికలోనిది. పూర్వపీఠిక దండిరచన కాదని పండితుల యభిప్రాయము. దండి స్వహస్తమని నిశ్చయముగాఁ జెప్పఁదగినవి రాజవాహనచరితము మొదలు విశ్రుతచరితమువఱకుఁగల యెనిమిదుచ్ఛ్వాసములే. నేను గాదనను. కాని యా యెనిమిదింటను గూడ మిత్రులు విడిపోయి కలసికొనుచునే యున్నారు. ఆ వియోగ మొకటి లేనిచో నవి కథలే కావు. మఱియు 1924లో మానవల్లి రామకృష్ణకవిగారు ప్రకటించిన యవంతిసుందరీకథయందు దండి తన్నుగూర్చి చెప్పికొనినదానిని జూచినచో, ఈ కల్పన యాతని కెచ్చటనుండి వచ్చినదో కొంత తెలియును. కాంచీనగరముపై శత్రువులు దండెత్తిరి; కఱవు వచ్చెను; తలిదండ్రులు లేని యీ బాలుఁడు దేశములు పట్టిపోయి తిరిగెను; నెమ్మది కుదిరినపిదప మఱలఁ గంచిఁ జేరెను. ఆ గ్రంథమందే, మహామల్లపురపుఁ గడలియొడ్డున విష్ణువిగ్రహమునకు విఱిగిన చేతిని శిల్పి యొకఁ డతుకు గానరానట్లు కూర్చెననియు, దానిని జూచుటకు దండి చెలికాండ్రతోఁ బోయెననియుఁ గలదు. చెదరిపోయి తిరిగివచ్చినవాఁడు, విఱిగి యతుకఁబడిన చేతిని మిత్రులతోఁ గలసి చూడఁబోయెను. కవిజీవితమునకును గావ్యమునకును ముడివేయుట యపాయకరమని యెఱుఁగుదును, ఇంతకుమించి వేయను.

చంపానగరమున మిత్రులు మఱలఁ గలసినపుడు రాజవాహనుఁడు క్షమాపణము చెప్పినట్లు గ్రంథమున లేదు. ఆతఁడు చేసినది కూర్చుండి వినుట. ఒక్కొకరి కథ ముగిసినప్పుడెల్ల నొక్కమాట యనును. అపహారవర్మ కథ విని, కార్కశ్యమునఁ జోరాచార్యుఁడగు కర్ణీసుతునే మించితివే యని యాశ్చర్యపడును. ప్రమతి కథలోని సుకుమారమగు నుపాయమును మెచ్చును. ఇవి రాజు తన సేవకుల కిచ్చు బిరుదములు కావు. దూరమున నున్నప్పు డేమైతివో చెప్పుమని యడిగి, చెప్పినంతవఱకు విని, నవ్వి, రెండవవానివంకకుఁ దిరుగు చెలికాని మాటలు. తొమ్మండ్రను నిద్రలో విడిచిపోయినవాఁ డిప్పు డొక్కకథకైనఁ గన్నుమూయలేదు. ఇది దండి చెప్పని క్షమాపణము; చెప్పినచో నింత బాగుండెడిది కాదు.

అపహారవర్మను దొంగ యని తీసివేయుట సులభము. కాని యాతని దొంగతనములను వరుసగా వ్రాసికొని చూచినచో నొక వింత కనఁబడును. రాత్రి కన్నము వేయ బయలుదేఱినవానికి వీథిలో నొక కన్యక, కులపాలిక, నగలమూటతో నెదురగును. తండ్రి ధనాశచే నొడంబడినమాట తప్పి వేఱొకని కీయఁబూనఁగా, దానధర్మములచేఁ బేదయైన ధనమిత్రునియొద్దకుఁ బోవుచున్నది. దొంగ యామె నగలను ముట్టఁడు. తలారులు రాఁగాఁ బాము కఱచినవానివలె నటించి యామెను దప్పించి ధనమిత్రుని కప్పగించును. ఆ రాత్రి మొదలు వా రిరువురును బ్రాణస్నేహితులు. విరూపకుఁడను వైశ్యుఁడు కామమంజరిచే సర్వస్వమును గోలుపోయి క్షపణకుఁడై బాటప్రక్కఁ గూర్చుండి యేడ్చుచుండును. వాని కపహారవర్మ, నీ ధనము నీకుఁ దిరిగి వచ్చునట్లు చూతునని మాట యిచ్చును. ఆ మాటను మఱవఁడు. ధనము పుట్టించు తోలుసంచి యని యొక బూటకమును గల్పించి, అన్యాయార్జితమును దిరిగి యిచ్చినవారికే యది ఫలించునని నమ్మించి, కామమంజరిచేతనే విరూపకుని సొమ్ము వాని కిప్పించును. తోలుసంచి బూటకమే, ఇచ్చినమాట మాత్రము బూటకము కాదు. ఈ ఘట్టమున దండి జైనులనుగూర్చి యాడించిన పరిహాసము నేఁటి చదువరికి రుచింపదు, నాకును రుచింపలేదు. దానిని దాఁచవలసిన పనియు లేదు.

ఉపహారవర్మ కథ యిట్టిది కాదు. మిథిలను జెఱపట్టిన వికటవర్మ దుష్టుఁడే. ఉపహారవర్మ తలిదండ్రులను జెఱసాలలో నుంచినవాఁడే. ఐనను వాని భార్యయగు కల్పసుందరితోఁ గలసి, రూపము మాఱునని నమ్మించి హోమముచెంతకుఁ బిలిచి చంపి, వాని రూపమే నే నెత్తితినని లోకమును నమ్మించి సింహాసన మెక్కుట సాహసకథగాఁ జదువుటకు బాగుండునేమో కాని మనస్సునకు నెమ్మది నీయదు. రాజవాహనుఁడు చిఱునవ్వుతో, పరదారగమనమైనను దలిదండ్రుల చెఱ విడిపించుటకును శత్రుసంహారమునకును బనికివచ్చినది కదా యని సమర్థించును. ఇది మిత్రుని తీర్పు, న్యాయాధిపతి తీర్పు కాదు. సఖ్యమునకుఁ గల యొక లోపమును దండి యెఱిఁగి చూపెనో యెఱుఁగక చూపెనో నిశ్చయింపలేను. చెలికాఁడు చెలికానికిఁ బునఃప్రాప్తిని సులభముగా నిచ్చును. ఎదుటిపక్షమువానికిఁ జితి మాత్రమే దొరకును. దండిని ధర్మశాస్త్రముగాఁ జదువఁదలఁచువా రీ కథయొద్ద నాఁగి తీఱవలయును.

ఏడవ యుచ్ఛ్వాస మీ ప్రాంతమువారమగు మాకు దగ్గఱది. మంత్రగుప్తుఁడు చేరినది కళింగదేశము. శ్మశానమున సిద్ధు నొకనిని జంపి, బలి కాఁబోవుచున్న కర్దనరాజుకూఁతురు కనకలేఖను గాపాడును. పిమ్మటఁ గర్దనుఁడు వసంతమున సముద్రతీరమున సకుటుంబముగా విహరించుచుండఁగా నాంధ్రనాథుఁడు జయసింహుఁ డోడలతో వచ్చి వారినందఱిని బట్టుకొనిపోవును. ఆనందపురమునుండి భీమునిపట్టణపుఁ దీరము దవ్వు కాదు. విశాఖపట్టణమునకుఁ బోవు నా కడలిబాటపై బావికొండ, తొట్లకొండలమీఁద బౌద్ధవిహారముల శిథిలము లున్నవి. ఓడ లెఱిఁగిన తీర మిది. దండి చెప్పినచో టిదియే యని నే ననను, కళింగతీరము పొడవైనది. వేంగి నేలిన తూర్పుచాళుక్యులలో జయసింహవల్లభుఁ డొకఁ డేడవ శతాబ్దిలోఁ గలఁడు. కథలోని సరస్సును జూచినచోఁ గొల్లేరు తలఁపునకు వచ్చును. పేళ్లనుబట్టి చరిత్ర కట్టు పనిని జరిత్రకారులకు విడుతును. కళింగాంధ్రుల మగు మే మీ కథలో నెవరిపక్షమున నుండవలయునో తెలియక నవ్వుకొందుము.

ఈ కథను మంత్రగుప్తుఁ డోష్ఠ్యవర్ణములు లేకుండఁ జెప్పుట పండితలోకమున మిగులఁ బ్రసిద్ధము. ప్రియురాలి దంతక్షతములచేఁ బెదవులు నొచ్చినవఁట. దీనిని శబ్దచమత్కారముగా మాత్రమే మెచ్చుట వాడుక. ఈ మాఱు చదువునప్పు డొక చిన్నవిషయము తోఁచినది. ఆ నియమముతో మంత్రగుప్తుఁడు తన పేరు పలుకలేఁడు. ప్రక్కనున్న మిత్రగుప్తుని పేరును బలుకలేఁడు. ‘ప్రేమ’ యనలేఁడు, ‘కామ’ మనలేఁడు, ‘మిత్ర’ మనలేఁడు. ‘సఖ’ శబ్దమును ‘స్నేహ’ శబ్దమును వాని కడ్డులేక మిగిలినవి. దండి దీని నుద్దేశించెనని చెప్పుట సాహసము. వర్ణమాల చేసిన మేలనుకొందము.

ఇఁక నా మనస్సున కన్నిటికంటె దగ్గఱయైన కథకు వచ్చెదను. ఆఱవ యుచ్ఛ్వాసమున మిత్రగుప్తుఁడు దామలిప్తమున రాజకన్య కందుకావతి దేవిసన్నిధిని జెండాడుచుండఁగాఁ జూచి వలచును. రాజకుమారుని పగచే సంకెళ్లతో సముద్రమునఁ ద్రోయఁబడును. యవనుల యోడచే గట్టెక్కును. ఒక దీవిలో బ్రహ్మరాక్షసునికిఁ జిక్కును. వాఁడు నాలుగు ప్రశ్న లడుగును: క్రూరమైన దేది? గృహస్థునకుఁ బ్రియమును హితము నైన దేది? కామమన నేమి? దుష్కరమును సాధించున దేది? స్త్రీహృదయము, భార్యాగుణములు, సంకల్పము, ప్రజ్ఞ యని వరుసగాఁ బ్రత్యుత్తరములు. ధూమిని, గోమిని, నింబవతి, నితంబవతి యను నలుగురి కథలును వానికి సాక్ష్యములు. మొదటి ప్రత్యుత్తరము నేఁ డెవరును మెచ్చరు. ఆ కథయందే, ధూమిని మగఁడు నూతఁబడి వధ్యశిలవఱకుఁ బోయినప్పుడు వానిని గాచినది, వాఁ డొకప్పుడు భుజములపై మోసి బ్రతికించిన వికలాంగుని కన్నీళ్లే. రాక్షసుఁడు క్రౌర్యమునుగూర్చి యడిగెను. కథ కృతజ్ఞతనుగూర్చియుఁ జెప్పినది.

నింబవతి కథ మూఁడవది. సౌరాష్ట్రమున వలభీనగరమున నావికశ్రేష్ఠుఁడగు గృహగుప్తుని కూఁతురు రత్నవతి. ఆమెను మధుమతినుండి వచ్చిన బలభద్రుఁడను వైశ్యపుత్రుఁడు పెండ్లాడెను. క్రొత్తలో నేకాంతమున నామె పెనఁగెనని యలిగి యాతఁ డామె మొగము చూడఁడయ్యెను. మిత్రులు నూఱుమాఱులు చెప్పినను వినలేదు. అది మొదలు పుట్టినింటివారును బరిజనమును గూడ నామెను రత్నవతి యనుట మాని నింబవతి యని, వేపచేఁదును జేసి పరిహసించిరి. ఒక్క పెనఁగులాటకు నొక్క పేరు పోయెను.

అప్పు డామె యేమి చేసినది? నిర్మాల్యకుసుమములను దెచ్చియిచ్చు ముసలి ప్రవ్రాజిక యొకతె రాఁగా నామెతోఁ దన దుఃఖమును జెప్పి, తానే యుపాయమును జెప్పినది. పొరుగున నిధిపతిదత్తుఁడను వైశ్యుని కూఁతురు కనకవతి తనకుఁ బ్రాణసఖి; రూపమునఁ దనవంటిదే. ఆమెతోఁ గలసి వారి మేడపై నలంకరించుకొని చెండాడుచుందును. నీవు నా మగని నా మేడక్రిందికిఁ దీసికొనిరమ్ము. నేను జెండు జాఱవిడుతును. దాని నెత్తి యాతని చేతికిచ్చి, ‘ఈమె నీ భార్య చెలికత్తె కనకవతి, రత్నవతియెడ నీవు నిర్దయుఁడవని నిన్ను మిక్కిలి నిందించుచుండును, శత్రువుసొమ్మగు నీ చెండు నీయొద్ద నుండఁదగదు, తిరిగి యిమ్ము’ అనవలయును. అట్లే జరిగినది. బలభద్రుఁడు తలయెత్తి చూచి వలచెను. రాత్రి యామెను నగలతోఁ గూడఁ గొనిపోయి ఖేటకపురమునఁ గాపురము పెట్టెను. కొద్దిమూలధనముతో వర్తకము చేసి గొప్పవాఁడయ్యెను.

ఇచ్చట దండి చేసిన పని నెంత తలఁచినను దనివి తీఱదు. బలభద్రుఁడు వలచినది యెవతెను? తన భార్యను. ఎవతె యనుకొని? తన భార్యకై తన్ను నిందించు చెలికత్తె యనుకొని. మిత్రుల నూఱు హితోక్తులు చేయలేని పనిని మేడమీఁదినుండి వచ్చిన యొక్క నింద చేసినది. తన్నుగూర్చి నిజము చెప్పిన మొదటి స్త్రీని బలభద్రుఁడు వలచినాఁ డనవలయును. కామమనఁగా సంకల్పమని మిత్రగుప్తుఁడు తేల్చుట రాక్షసునికిఁ జాలినది, వాఁడు సంతోషించెను. నాకుఁ జాలలేదు. సంకల్పము బలభద్రునిది, ఆ సంకల్పమునకుఁ గావలసిన పేరు నిచ్చినది కనకవతి. చెండాటచేఁ దాను మనసు గోలుపోయిన మిత్రగుప్తుఁడే యీ చెండుకథను జెప్పుచున్నాఁడని మఱవరాదు. తన చెండులో నున్నది దైవమనుకొనెను, రత్నవతి చెండులో నున్నది సంకల్పమనుకొనెను. సఖి చేతిని రెండింటను జూడలేదు. కందుకావతికిని జంద్రసేన యను సఖి కలదు గదా.

శాకుంతలముతోఁ బోల్చి చూడుఁడు. అచ్చటను భార్య నెఱుఁగనన్న భర్త. అచ్చటను దిరిగి చేరుట. కాని యనసూయాప్రియంవదలు దుర్వాసుని శాపమును శకుంతలకుఁ జెప్పక దాఁచిరి; నాలవ యంకముతో నాటకమునుండియే తొలఁగిరి. సభలో శకుంతలప్రక్క సఖి యొకతె నిలిచినచో నుంగరమునకై చేఁపకడుపు వెదకవలసినది కాదేమో. కాళిదాసు సఖులు ప్రేమగలవారు, సున్నితులు. దండి కనకవతి యింటిపై నిలువఁబడి సఖిచేతికిఁ దన పేరు నిచ్చినది. పాశ్చాత్యులలో బొకాచియో పదిదినముల కథలలో మూఁడవదినమున వచ్చు గిలెట్టా కథయు, దానినుండి షేక్స్పియరు కూర్చిన హెలీనా నాటకమును నిట్టివే; భర్తచే విడువఁబడిన భార్య వేఱొక కన్యక పేరునఁ దన భర్తనే చేరును. అచ్చట నా యుపాయము చీఁకటిగదిలో జరుగును. ఇచ్చట నెండలో, మేడపై, అందఱును జూచునట్లు జరుగును. బలభద్రుఁడు తన భార్యమొగమును బట్టపగలు చూచి గుర్తింపలేదు. ఇంతకంటెఁ గఠినమైన నింద మఱియొకటి గలదా? ఎన్నఁడును జూడనిమొగమును గుర్తించుట యెట్లు?

ఖేటకపురమున నొక దాసి దండింపఁబడి, కోపముచే రహస్యమును వెల్లడించినది. నిధిపతిదత్తుని కూఁతురు కనకవతిని దొంగిలించి తెచ్చిన వీని సొత్తును బట్టవలయునని యధికారి యాశపడెను. బలభద్రుఁడు భయపడఁగా భార్య ధైర్యము చెప్పెను: ‘ఈమె కనకవతి కాదు; గృహగుప్తుని కూఁతురు రత్నవతి; తలిదండ్రులు నాకిచ్చి పెండ్లి చేసిరి; నమ్మనిచో బంధువులయొద్దకు వార్త పంపుఁడు’ అని చెప్పుమనెను. ఆతఁ డట్లే చెప్పెను. గృహగుప్తుఁడు లేఖచే విషయము తెలిసికొని వచ్చి కూఁతును నల్లునిఁ గొనిపోయెను. చెప్పుమన్న మాటలు బొంకని చెప్పెనో, చెప్పుచుండఁగా నిజమని తెలిసికొనెనో, తెలిసినపు డాతని మొగ మెట్లుండెనో దండి యొక్క వాక్యమైన వ్రాయలేదు. వర్ణనల కలవాటుపడిన కవి యిచ్చట మౌనము వహించుట నాకు మిక్కిలి నచ్చినది. నింబవతి యనఁబడిన యామె తన పేరును దిరిగి పొందినది మగని నోటనే. అధికారియెదుట, ప్రాణభయముతో, ఆమె నేర్పిన మాటలుగాఁ బొందినది. ఆ ఘట్టమునకు వర్ణన యెందులకు?

పైతరగతులకు దండినుండి కథ నేఱవలసిన పండితులు గోమినితోఁబాటు దీనిని గూడఁ జూతురని కోరుదును. పెనఁగులాట మాట నొక్కవాక్యమున మర్యాదగాఁ జెప్పవచ్చును. తక్కిన దంతయు బాలికలు చదువఁదగినదే. పాఠము చెప్పునప్పుడు విద్యార్థు లొక ప్రశ్న తప్పక వేయుదురు, దానికిఁ బ్రత్యుత్తరము గ్రంథమున లేదు. కనకవతి యెక్కడికిని బోలేదు. వలభిలోఁ దన యింటనే యున్నది. కాని ఖేటకపురమున నధికారి నోట నామె లేచిపోయిన కన్యక యయినది. ఆ మాట వలభికిఁ జేరెనా, నిధిపతిదత్తుఁ డేమనెను, రత్నవతి తిరిగివచ్చిన దినమున నామె పొరుగింటి మేడ యెక్కి చూచెనా?

దండి గృహగుప్తుని సంతోషముతోఁ గథను ముగించెను.